గ్రీసు దీవికి టికెట్లు కొనేముందు గాలి సంగతి చూసుకోండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో గ్రీసు దీవుల మీద వేసిన వ్యాసం మా ఇంట్లో అందరం చదివాం. తెల్లగోడలు, నీలం గుమ్మటాలు, కింద సముద్రం. ఫొటోలు బాగున్నాయి, కాదనను. కానీ అంత పెద్ద వ్యాసంలో ఏ నెలలో వెళ్లాలి, ఒక దీవి నుంచి ఇంకో దీవికి ఎలా పోవాలి, గాలి ఎత్తుకుంటే ఏం చేయాలి అన్న ముక్క ఒక్కటీ లేదు. సముద్రంలో స్నానాలు చేద్దామని వెళ్లేవాడికి ముందు కావలసింది అదే. ఉత్తరం పొడుగైంది. కుదించి వేసుకున్నా సరే, గాలి గురించి రాసిన పేరాలు మాత్రం ఉంచండి.

నేను ఆర్టీసీ ట్రాఫిక్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. బస్సుల వేళలు వేయడం, పండగలకి స్పెషల్స్ సర్దడం నా ఉద్యోగం. బెంగళూరులో ఉన్న మా అబ్బాయీ కోడలూ ఈసారి అందరం గ్రీసు వెళ్దామన్నారు. "టికెట్లు మేం కొంటాం, ప్లాన్ మాత్రం నువ్వే వెయ్యి నాన్నా" అని నాకు అప్పగించారు. ఇంకా వెళ్లలేదు. ఈలోపే ఆ దేశం పడవల టైంటేబుళ్లన్నీ నాకు నోటికొచ్చేశాయి. మా ఆవిడ మాత్రం "ఏందండీ ఈ గోల, సముద్రం కావాలంటే తుమ్మలపెంట పోలేమా" అంటుంది. ఆమె ప్రశ్నకి తర్వాత వస్తాను.

మొదట నెల్లూరులో ఒక టూర్ ఏజెంటు దగ్గరికి వెళ్లి ప్యాకేజీ కాగితం తెచ్చుకున్నాం. ఏథెన్స్, తర్వాత మికోనోస్, శాంటోరిని దీవులు, మళ్లీ ఏథెన్స్, అన్నీ కలిపి ఆరు రాత్రులు. ఆఖరి రోజు మధ్యాహ్నం శాంటోరినిలో పడవ ఎక్కి, రాత్రికి ఏథెన్స్ పక్కనున్న పిరేయస్ రేవులో దిగి, అటునుంచి అటే ఎయిర్‌పోర్టుకి పోయి తెల్లవారుజామున దోహా విమానం పట్టుకోవాలట. శాంటోరిని నుంచి పిరేయస్‌కి పెద్ద పడవకి ఎనిమిది గంటల దాకా పడుతుంది. పిరేయస్ నుంచి ఎయిర్‌పోర్టుకి 2022 నుంచి నేరుగా మెట్రో ఉంది, సుమారు గంట ప్రయాణం. మెట్రో దాటిపోతే ఎక్స్ 96 నంబరు బస్సు రాత్రంతా తిరుగుతుంది, దానికి గంటన్నర వేసుకోవాలి. కాగితం మీద లెక్క సరిపోయింది. కానీ ఎక్కడా పట్టుమని ఒక పూట ఖాళీ లేదు. "పడవ ఆగిపోతే?" అని అడిగాను. "అట్టాంటిది జరగదు సార్, యూరప్ కదా" అన్నాడు కౌంటర్లో కుర్రాడు.

జరుగుతుంది. గ్రీసుకీ టర్కీకీ మధ్యనున్న ఏజియన్ సముద్రం మీద ఎండాకాలంలో ఉత్తరం నుంచి ఒక పొడిగాలి వీస్తుంది. మెల్టెమి అంటారు. బాల్కన్ దేశాల మీద గాలిపీడనం ఎక్కువగా, ఎండకి కాగిన టర్కీ మీద తక్కువగా ఉండటంతో అటునుంచి ఇటు తోసుకొచ్చే గాలి అది. మేలోనే అప్పుడప్పుడు మొదలై జులై, ఆగస్టుల్లో జోరందుకుంటుంది. మనకైతే గాలి రాబోతోందంటే ముందు మబ్బు పడుతుంది, వాన వాసన వస్తుంది. దానికి అవేమీ ఉండవు. పైన ఆకాశం నిర్మలంగా ఉంటుంది, ఎండ కాస్తూనే ఉంటుంది, కింద సముద్రం మాత్రం నురగలు కక్కుతుంటుంది. ఒక్కోసారి పూటలో సద్దుమణుగుతుంది, ఒక్కోసారి రోజుల తరబడి వదలదు.

కృష్ణపట్నం రేవులో ఫలానా నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారని మీ పేపర్లోనే చదువుతుంటాం కాబట్టి, గాలికి నంబర్లు ఉంటాయంటే మన జిల్లావాళ్లకి వింతేం కాదు. అక్కడ బోఫర్ట్ స్కేలు వాడతారు. అది 8కి చేరిందంటే కోస్ట్‌గార్డ్ మామూలుగా పడవల్ని రేవు దాటనివ్వదు. చిన్న హైస్పీడ్ పడవలైతే అంతకు ముందే ఆగిపోతాయి. 8 అంటే గంటకు 62 కిలోమీటర్లు, ఆపైన. మన వాతావరణ శాఖ తీవ్ర వాయుగుండం తుఫానుగా మారిందని ప్రకటించేది కూడా సరిగ్గా 62 దగ్గరే. అంటే మనం తుఫాను అని పేరు పెట్టి పిలిచే గాలి అక్కడ ఎర్రటి ఎండలో, మబ్బుతునక లేని ఆకాశం కింద వీస్తుందన్నమాట. ఆ రోజు రేవులో సూట్‌కేసుల మీద కూర్చుని ఎదురుచూడటం తప్ప ఎవరూ చేయగలిగింది లేదు. పడవ రద్దయితే ఐరోపా నిబంధనల ప్రకారం డబ్బు వాపసు ఇవ్వాలి, లేదా తర్వాతి పడవలో పంపాలి. గాలివల్ల ఆగితే పైన నష్టపరిహారం ఏమీ రాదు. తప్పిపోయిన విమానం ఖర్చు మనదే.

అందుకని నేను ప్లాన్ వెనకనుంచి వేశాను. ముందు తిరుగు విమానం, దానికి ముందు రాత్రి తప్పనిసరిగా ఏథెన్స్‌లో బస, ఆ ముందురోజు పొద్దుటి పడవ. పొద్దుటిది ఆగినా సాయంత్రందో మర్నాటిదో పట్టుకునే వీలుండాలి. ఏథెన్స్‌లోని అక్రోపొలిస్ కొండా మ్యూజియమూ అన్నీ తిరుగుప్రయాణంలో పెట్టాను, వెళ్లగానే కాదు. దీవిలో ఒకరోజు ఇరుక్కుపోతే ఆ కొండ చూడటం పోతుందేమో గానీ ఇల్లు చేరడం ఆగదు. మా అబ్బాయి ఇది చాదస్తమన్నాడు. అననీ.

రెండో సంగతి, ఏ దీవి అన్నది. ఫొటోల్లో కనిపించే ఆ నీలం గుమ్మటాలు శాంటోరినిలోని ఇయా ఊరివి. శాంటోరిని నిజానికి పేలిపోయిన అగ్నిపర్వతం తాలూకు అంచు. ఊళ్లు ఆ అంచున వందల అడుగుల ఎత్తున ఉంటాయి, కింద సముద్రంలోకి నిలువునా కొండ. చూడ్డానికి అంతకంటే గొప్ప చోటు ఉండకపోవచ్చు. కానీ స్నానాలకి దీవి అవతలి పక్కకి, పెరిస్సాకో కమారికో పోవాలి. అక్కడ ఉండేది నల్లటి అగ్నిపర్వత ఇసుక, గులకరాళ్లు. మధ్యాహ్నానికి కాలు పెట్టలేనంత కాగుతుంది. ఎర్ర బీచ్ అని ఇంకోటి ఉంది, దాని మీద కొండచరియలు విరిగిపడుతుంటాయని హెచ్చరిక బోర్డు పెట్టారు, జనం దాటుకుని పోయి ఫొటోలు దిగుతారు. 2025 ఫిబ్రవరిలో ఆ చుట్టుపక్కల వరసగా భూకంపాలు వచ్చి వేలమంది దీవి వదిలి వెళ్లిన సంగతి మీ పేపర్లో కూడా వచ్చినట్టే గుర్తు. అందుకని శాంటోరిని వద్దనడం లేదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లనీ ఏడేళ్ల పిల్లాడినీ వెంటేసుకుని, ఇసుకలో ఆడుకుని నీళ్లలో దిగుదామనుకునేవాళ్లు అక్కడ నాలుగు రాత్రులు ఉండటం దండగంటాను.

నేను ఎంచుకున్నది నాక్సోస్. సిక్లడీస్ అనే ఆ దీవుల గుంపులో అన్నిటికంటే పెద్దది. పిరేయస్ నుంచి పెద్ద పడవలో ఐదు గంటల పైచిలుకు. రేవులో దిగుతూనే పక్కన ఒక చిన్న గుట్ట మీద పాలరాతి ద్వారబంధం ఒంటరిగా నిలబడి ఉంటుంది. రెండున్నర వేల ఏళ్ల కిందట అపోలో గుడి కడదామని మొదలుపెట్టి ఆపేస్తే ఆ ఒక్క గుమ్మం మిగిలింది. ఊరికి ఆనుకునే అగియోస్ జార్జియోస్ బీచ్ ఉంది, నడిచి పోవచ్చు, చాలా దూరం దాకా లోతుండదు. ఇంకాస్త దక్షిణానికి పడమటి ఒడ్డంతా అగియోస్ ప్రోకోపియోస్, అగియా అన్నా, ప్లాకా అని ఒకదాని తర్వాత ఒకటి మెత్తటి ఇసుక. ఉత్తరపు గాలి వీచినప్పుడు ప్రోకోపియోస్ కాస్త చాటుగా ఉంటుంది. ఇంకా కిందికి మిక్రీ విగ్లా అని ఉంది, అది గాలిపటాలు కట్టుకుని నీళ్ల మీద జారే కుర్రకారుది, మనకి కాదు.

నాకు బాగా నచ్చింది బస్సుల సంగతి. అక్కడ ఊళ్ల మధ్య తిరిగే బస్సుల్ని కెటెల్ అంటారు. 1952 నాటి చట్టంతో వచ్చిన పద్ధతి. బస్సుల యజమానులు జిల్లాకొక సంఘంగా ఏర్పడి, కలెక్షన్ అంతా ఒకే చోట వేసి పంచుకుంటారు. దాంతో ఎవరి బస్సు ముందు పోయి జనాన్ని ఎక్కించుకోవాలన్న పరుగు ఉండదు. ఒంగోలు రోడ్డు మీద ప్రైవేటు బస్సుల పోటీ చూస్తూ బతికిన నాకు ఇది ముచ్చటేసింది. నాక్సోస్‌లో బస్టాండు రేవు ఎదుటే. అక్కడినుంచి ఇందాక చెప్పిన బీచ్‌లకి ఎండాకాలమంతా సర్వీసులున్నాయి, అక్టోబరు వచ్చేసరికి తగ్గించేస్తారు. మా అబ్బాయికి మాత్రం కారు కావాలి. అయితే ఇక్కడే ఆర్టీఏ ఆఫీసులో అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకుని వెళ్లాలి, మన లైసెన్సు ఒక్కటీ చూపిస్తే చాలదు. నాలుగు చక్రాల క్వాడ్ బైకులు అద్దెకి తీసుకునే మాట మా ఇంట్లో ఎత్తొద్దని ముందే చెప్పాను. కొండ మలుపుల్లో బోల్తా పడతాయవి.

నెల విషయంలో మాత్రం మా ఇంట్లో ఇంకా తేలలేదు. మన పిల్లలకి సెలవులు ఏప్రిల్, మే. అప్పుడు అక్కడి నీళ్లు 20 డిగ్రీల లోపే. మన బంగాళాఖాతం మే నెలలో 30 దాకా పోతుంది. తుమ్మలపెంటలో గోరువెచ్చటి నీళ్లకి అలవాటుపడిన పిల్లాడు అక్కడ పాదం పెట్టి కెవ్వుమంటాడు. జులై, ఆగస్టుల్లో మెల్టెమి ఉంటుంది, రద్దీ ఉంటుంది. పైగా ఆగస్టు 15 మనకెంతో వాళ్లకీ అంతే, మరియమాత పండగ. టినోస్ దీవిలో రేవు నుంచి కొండ మీది గుడిదాకా మోకాళ్ల మీద పాకుతూ పోయేవాళ్లుంటారు. ఏథెన్స్ జనమంతా దీవులకి, సొంతూళ్లకి బయల్దేరతారు. రొట్టెల పండగనాటి నెల్లూరు బస్టాండు ఎట్లా ఉంటుందో, ఆ వారం పిరేయస్ రేవు అట్లా ఉంటుంది. నీళ్లు బాగా వెచ్చబడి, గాలి మెత్తబడి, జనం పల్చబడేది సెప్టెంబరులో. అప్పుడు 24 డిగ్రీల దాకా ఉంటుంది. దసరా ముందుగా పడిన ఏడాదైతే అక్టోబరు మొదటివారం కూడా పనికొస్తుంది. వినాయక చవితి అయ్యాక బయల్దేరదామని నేను, బడి మానిపించొద్దని మా ఆవిడ. కోడలు నా వైపు.

వీసా గురించి మీ వ్యాసంలో 'షెంజెన్ వీసా తీసుకోవాలి' అని ఒక్క వాక్యంతో సరిపెట్టారు. ఐరోపాలో చాలా దేశాలకి కలిపి చెల్లే వీసా అది. ప్రయాణానికి ఆరు నెలల ముందునుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. కనీసం పదిహేను రోజుల ముందు ఇవ్వాలి, కానీ అంతదాకా ఆగితే టెన్షనే. పెద్దవాళ్లకి ఫీజు 90 యూరోలు, అంటే తొమ్మిది వేల పైమాట. ఆరు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకి అందులో సగం. వీసా రాకపోయినా ఆ డబ్బు తిరిగి రాదు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. పాస్‌పోర్టు పదేళ్ల లోపు ఇచ్చిందై ఉండాలి, ఐరోపా వదిలి వచ్చే తేదీ తర్వాత ఇంకో మూడు నెలలు చెల్లాలి. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటామో ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి. వీసా తేలికగా ఇస్తారని ఇంకో దేశానికి పెట్టి గ్రీసులో తిరిగొచ్చే తెలివితేటలు ఈ మధ్య మనవాళ్లలో బాగా కనిపిస్తున్నాయి, అవి వద్దు. హోటల్ గది అద్దె కాక కౌంటర్ దగ్గర ఇంకో పన్ను కట్టించుకుంటారు. 2025 నుంచి ఏప్రిల్–అక్టోబరు మధ్య మూడు నక్షత్రాల హోటల్‌కి రాత్రికి గదికి 5 యూరోలు, నాలుగు నక్షత్రాలకి 10. నేను చూసిన ప్యాకేజీ కాగితంలో ఇది లేదు.

తిండికి భయం లేదు. శాంటోరినిలో ఫావా అని పసుప్పచ్చటి పప్పు మెత్తగా ఉడికించి పైన ఉల్లిపాయ, ఆలివ్ నూనె వేసి పెడతారు. మన ముద్దపప్పే, నెయ్యి లేదంతే. నాక్సోస్ ఉర్లగడ్డలకి ఆ దేశంలో పేరుంది. గావ్రోస్ అని వేయించి పెట్టేవి మన నెత్తళ్లే. కారం ఉండదు కాబట్టి పొడి డబ్బా మనమే తీసుకుపోవాలి. నెయ్యి సీసా మాత్రం పెట్టుకోవద్దు. పాలతో, మాంసంతో చేసినవి బయటిదేశాల నుంచి ఐరోపాలోకి తేనివ్వరు.

ఇక మా ఆవిడ ప్రశ్న. తుమ్మలపెంట పోలేమా అంటే, పోతాం, పోతూనే ఉన్నాం. కానీ నాక్సోస్ గురించి చదువుతూంటే మన తీరం గుర్తొచ్చిన చోట్లు రెండున్నాయి.

ఒకటి, నాక్సోస్ పక్కనే ఉన్న పారోస్ దీవి కథ. అక్కడ హోటళ్లవాళ్లు, బార్లవాళ్లు బీచ్ అంతా అద్దె కుర్చీలు, గొడుగులతో నింపేసి, సొంత ఊరివాళ్లకి తువ్వాలు పరుచుకునే చోటు కూడా లేకుండా చేశారు. 2023 జులైలో ఊరి జనం తువ్వాళ్లు పట్టుకుని బీచ్‌ల మీదికి ఊరేగింపుగా వెళ్లారు. ఆ గొడవ మిగతా దీవులకీ పాకింది. 2024లో ప్రభుత్వం చట్టం తెచ్చింది. బీచ్‌లో కనీసం సగం కుర్చీలు లేకుండా వదిలేయాలి, రక్షిత ప్రాంతాల్లో 70 శాతం. నీటి అంచు నుంచి నాలుగు మీటర్ల లోపు కుర్చీ వేయకూడదు. ఎవరైనా మీరితే జనం ఫోన్లో మైకోస్ట్ అనే యాప్ తీసి అక్కడికక్కడే ఫిర్యాదు పెట్టొచ్చు. యాత్రికుడికి దీనివల్ల లాభమేంటంటే, కుర్చీ అద్దె కట్టకపోతే ఇక్కడ కూర్చోవద్దని అనే హక్కు ఎవరికీ లేదు, అక్కడ తీరం ప్రజలది. ఒక చాప, గొడుగు పట్టుకుపోతే చాలు. మన మైపాడు, కొత్తపట్నం, రామాయపట్నం వైపు ఇప్పుడు రిసార్టుల మాట వినబడుతోంది. కట్టనీయండి, పది మందికి పని దొరుకుతుంది. కానీ మొదటి కుర్చీ వేయకముందే ఆ సగం కొలత మనవాళ్లూ గీయాలి. కుర్చీలన్నీ పడ్డాక తువ్వాళ్లు పట్టుకుని తిరగడం ఎందుకు?

రెండోది ప్రాణాల సంగతి. ఏజియన్‌లో పోటూ పాటూ పెద్దగా ఉండవు, నీళ్లు ఎప్పుడు చూసినా దాదాపు ఒకే గీత మీద ఉంటాయి. మన దగ్గర అలా కాదు. సెలవు రోజున స్నానానికి దిగి కుర్రాళ్లు కొట్టుకుపోయారన్న వార్త మీ జిల్లా పేజీలో రాని ఏడాది నాకు గుర్తులేదు. అల ముందుకి తోస్తే భయం లేదు, వెనక్కి లాగే నీళ్లే చంపుతాయి. అందులో చిక్కుకుంటే ఒడ్డుకి ఎదురీదకూడదు, ఒడ్డు వెంబడి పక్కకి ఈది ఆ లాగుడు తప్పించుకోవాలి. తుమ్మలపెంటలో వలలు బాగుచేసుకునే పెద్దాయన ఎవర్నడిగినా 'ఇయ్యాళ నీళ్లు లోపలికి లాగతండాయి, దిగబాకండి' అని ఒక్క చూపుతో చెప్తాడు. నెల్లూరు నుంచి బైకుల మీద వచ్చిన పిల్లలు ఆయన్ని అడగరు.

మీరు చేయగలిగింది ఒకటుంది. హైదరాబాదులో ఇన్‌కాయిస్ అనే కేంద్ర సంస్థ రోజూ మన తీరానికి అలల ఎత్తు, గాలి వేగం అంచనాలు ఇస్తుంది, ఉప్పెన అలల హెచ్చరికలు కూడా. అవన్నీ ఉచితంగా దొరుకుతాయి. రేవులో ప్రమాద హెచ్చరిక నంబరు ఎలా వేస్తున్నారో, అలాగే ప్రతి శనివారం జిల్లా పేజీలో మర్నాటికి మైపాడు, తుమ్మలపెంట, కొత్తపట్నం అలల సంగతి నాలుగు లైన్ల బాక్సు కట్టండి. విదేశీ వ్యాసాలకి కూడా ఫొటో ఒకటి తగ్గించి నెల, గాలి, పడవ, తిరుగుప్రయాణం అని ఒక చిన్న పట్టిక ఇవ్వండి.

ఇక పాఠకులకి ఒక మనవి. ఆ పెద్ద పడవల్లోకి లారీలూ కార్లూ ఎక్కే ర్యాంపు మీదుగానే మనుషులూ ఎక్కాలట, సామాను కింద అరల్లో పెట్టి పైకి మెట్లెక్కి పోవాలట. కొన్నిట్లో ఎస్కలేటర్, లిఫ్టు ఉంటాయంటున్నారు. పెద్దవాళ్లని తీసుకుని నాక్సోస్ వెళ్లొచ్చినవాళ్లు మన జిల్లాలో ఎవరైనా ఉంటే, పడవ రేవులో ఆగే ఆ కొద్ది నిమిషాల్లో మోకాళ్ల నొప్పులున్న మనిషి దిగగలదా, ముందే చెబితే సిబ్బంది సాయం పడతారా అన్నది ఈ శీర్షికకే రాయండి. మా ఆవిడ టికెట్ ఇంకా కొనలేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఆర్టీసీ ట్రాఫిక్ ఉద్యోగి,
కావలి, నెల్లూరు జిల్లా